హెడ్‌ఫోన్ ఆంప్ అవుట్‌పుట్ స్టేజ్: ఐసీ మార్చే ముందు కరెంటు దారి చూడాలి

సొంతంగా కట్టుకున్న హెడ్‌ఫోన్ ఆంప్ (ఆంప్లిఫయర్)లో ఏదో లోటు వినిపించగానే చాలామంది చేయి ముందు ఐసీ సాకెట్ మీదికే వెళ్తుంది. టీఎల్072 అనే ఆపాంప్ ఐసీ (సంకేతాన్ని హెచ్చించే చిప్) తీసి ఎన్‌ఈ5532 పెడతారు, అది తీసి ఓపీఏ2134 పెడతారు. మొదటి రెండూ విశాఖలో డాబాగార్డెన్స్ పరిసరాల్లోని విడిభాగాల కొట్లలో చవగ్గా దొరికేవే. మూడోది అనుమానం కలిగేంత చవగ్గా దొరికితే అది నకిలీ కావచ్చు. పాత ఐసీ మీద పేరు చెరిపి కొత్త పేరు అచ్చేసిన సరుకు మన దేశంలోనే కాదు, అన్నిచోట్లా తిరుగుతోంది. కానీ అసలు ఇబ్బంది అది కాదు. ఒరిజినల్ ఐసీ పెట్టినా చాలాసార్లు ఆశించిన తేడా రాదు, ఎందుకంటే లోటు ఐసీ 'స్వరం'లో లేదు. హెడ్‌ఫోన్‌లోకి కరెంటును నెట్టే చివరి దశలో ఉంది, ఆ కరెంటు తిరిగి వచ్చే దారిలో ఉంది.

అవుట్‌పుట్ స్టేజ్ అనగానే చివర ఉండే ఒక జత ట్రాన్సిస్టర్లే గుర్తొస్తాయి. ఆ అర్థం సరిపోదు. సప్లై కెపాసిటర్ నుంచి బయలుదేరిన కరెంటు ట్రాన్సిస్టర్ గుండా, ఎమిటర్ రెసిస్టర్ గుండా, జాక్ గుండా హెడ్‌ఫోన్ కాయిల్‌లోకి వెళ్లి, గ్రౌండ్ తీగ మీదుగా మళ్లీ అదే కెపాసిటర్‌కు చేరాలి. ఈ చుట్టు మొత్తం అవుట్‌పుట్ స్టేజే. ఇందులో ఏ ఒక్క చోట బలహీనంగా ఉన్నా, మిగతా చోట్ల పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

ఇంట్లో కట్టే ఆంప్‌లలో ఎక్కువ భాగానికి మూలం 1990ల చివర్లో చూ మోయ్ ప్రచురించిన జేబు ఆంప్. ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఆంప్‌లున్న ఒక ఐసీ, గెయిన్ (సంకేతాన్ని హెచ్చించే రెట్లు) 11, బ్యాటరీని రెండుగా చీల్చి నకిలీ గ్రౌండ్ తయారుచేసే రెండు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు, రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. అంతే. ఇంజినీరింగ్ విద్యార్థులు డాట్ బోర్డు మీద కట్టే ఆంప్‌లు ఈ కుటుంబానికి చెందినవే. ఇందులో ఐసీయే నేరుగా హెడ్‌ఫోన్‌ను నడుపుతుంది. ఇది తప్పు డిజైన్ కాదు, చాలా తెలివైన పొదుపు. దాన్ని ఎలాంటి హెడ్‌ఫోన్‌కు తగిలిస్తున్నామన్నదే ప్రశ్న.

లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ ఇచ్చే మామూలు 32 ఓమ్ హెడ్‌ఫోన్‌లో 110 డెసిబెల్ శిఖరాలు రావాలంటే 10 మిల్లీవాట్లు కావాలి. అంటే 0.57 వోల్టులు, 18 మిల్లీ ఆంప్‌లు. పీక్ కరెంటు 25 మిల్లీ ఆంప్‌లు. అదే సున్నితత్వం ఉన్న 300 ఓమ్ హెడ్‌ఫోన్‌కు 1.73 వోల్టులు కావాలి కానీ, పీక్ కరెంటు 8 మిల్లీ ఆంప్‌లు చాలు. ఇక మిల్లీవాట్‌కు 90 డెసిబెల్స్ మాత్రమే ఇచ్చే 32 ఓమ్ ప్లానార్ (పలుచటి పొర మీద తీగ పరిచిన రకం) హెడ్‌ఫోన్ తగిలిస్తే అదే శిఖరానికి 100 మిల్లీవాట్లు, దాదాపు 80 మిల్లీ ఆంప్‌ల పీక్ కరెంటు కావాలి. ఓపీఏ2134 అవుట్‌పుట్‌ను షార్ట్ చేస్తే వచ్చే గరిష్ఠ కరెంటే 40 మిల్లీ ఆంప్‌లు. ఎన్‌ఈ5532ది 38. షార్ట్ కరెంటు దగ్గరికి వెళ్లేసరికి ఏ ఐసీ కూడా శుభ్రంగా పనిచేయదు కాబట్టి వాడుకోదగ్గది అందులో సగం అనుకోవడం మంచిది. 110 డెసిబెల్స్ అన్నది క్షణకాలపు శిఖరానికి వేసిన లెక్క మాత్రమే. ఆ స్థాయిలో పాట వినడం చెవులకు ప్రమాదం.

దీన్నిబట్టి 300 ఓమ్ హెడ్‌ఫోన్ ఉన్నవారికి ట్రాన్సిస్టర్లు అక్కర్లేదు, సప్లై వోల్టేజీ పెంచితే చాలు. 32 ఓమ్ మామూలు హెడ్‌ఫోన్ సరిహద్దు మీద ఉంటుంది. ప్లానార్‌కు, 16 ఓమ్ ఇయర్‌ఫోన్‌లకు మాత్రం చివరి దశ మార్చాల్సిందే. హెడ్‌ఫోన్ వివరం అడగకుండా 'బీడీ139 ట్రాన్సిస్టర్ల జత పెట్టెయ్' అని చెప్పే సలహా సగం సలహాయే.

ఐసీ మార్పు అమాయకమైన పని కూడా కాదు. చూ మోయ్ సర్క్యూట్‌లో ఇన్‌పుట్ దగ్గర 100 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. ఓపీఏ2134 ఇన్‌పుట్ కరెంటు పికో ఆంప్‌లలో ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఎన్‌ఈ5532 ఇన్‌పుట్ కరెంటు మాత్రం సుమారు 200 నానో ఆంప్‌లు. 100 కిలో ఓమ్‌ల మీద అది 20 మిల్లీవోల్టులు అవుతుంది. గెయిన్ 11తో హెచ్చిస్తే అవుట్‌పుట్‌లో 220 మిల్లీవోల్టుల డీసీ. హెడ్‌ఫోన్‌కు 20 మిల్లీవోల్టులు దాటిన డీసీ మంచిది కాదని లెక్క. సరే, రెసిస్టర్‌ను 10 కిలో ఓమ్‌లకు తగ్గిద్దామంటే, దాని ముందున్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో కలిసి 159 హెర్ట్జ్ కింద అంతా కోసేస్తుంది, మంద్రస్థాయి మాయమవుతుంది. కెపాసిటర్‌ను 2.2 మైక్రోఫారడ్‌లకు పెంచితే ఆ హద్దు 7 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఒక ఐసీ మారిస్తే మరో రెండు భాగాలు మారాలి. ఆ రెండూ మార్చకుండా విని 'ఈ ఐసీలో బాస్ బాగోలేదు' అని తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇక గెయిన్. ఇది అన్నింటికంటే చవకైన మార్పు, ఫలితం మాత్రం పెద్దది. ఫోను దాదాపు ఒక వోల్టు, విడి డాక్ (డిజిటల్ సంకేతాన్ని ఆడియోగా మార్చే పెట్టె) రెండు వోల్టులు ఇస్తున్న రోజుల్లో గెయిన్ 11 ఎవరికీ అక్కర్లేదు, 3 చాలు. వాల్యూమ్ నాబ్‌ను మొదటి పావు చుట్టులోనే తిప్పుకోవాల్సిన అవస్థ తప్పుతుంది, బుస్సుమనే శబ్దం తగ్గుతుంది. అవుట్‌పుట్ స్టేజ్‌కు దీంతో సంబంధం ఏమిటంటే, చివరి దశ చేసే వక్రీకరణను దిద్దేది నెగటివ్ ఫీడ్‌బ్యాకే, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చే ఏర్పాటే. ఆ దిద్దుబాటుకు ఐసీ దగ్గర ఎంత మిగులు గెయిన్ ఉంటే అంత బలం. ఎన్‌ఈ5532కు 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండే మొత్తం గెయిన్ 500. అందులో 11 వాడుకుంటే దిద్దుబాటుకు మిగిలేది 45 రెట్లు, 3 వాడుకుంటే 167 రెట్లు. రెండు రెసిస్టర్లు మార్చినందుకు ఇంత లాభం మరే మార్పులోనూ రాదు.

సప్లై, గ్రౌండ్

ట్రాన్సిస్టర్లు పెడితే బలం పెరుగుతుందని అందరూ అంటారు. వోల్టేజీ తగ్గుతుందన్న మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది. ఇలా పెట్టే ట్రాన్సిస్టర్ దశలో (ఎమిటర్ ఫాలోయర్) సంకేతం అందే కాలు బేస్‌కూ, కరెంటు బయటికిచ్చే కాలు ఎమిటర్‌కూ మధ్య 0.65 నుంచి 0.75 వోల్టుల వరకు పోతుంది. 9 వోల్టుల బ్యాటరీని చీలిస్తే ఇటు 4.5, అటు 4.5. ఐసీ తన వంతుగా ఒకటిన్నర వోల్టు వదిలేస్తుంది, ఇప్పుడు ట్రాన్సిస్టర్ మరో ముప్పావు వోల్టు తీసుకుంటుంది. బ్యాటరీ కాస్త నీరసించిందంటే మిగిలేది ఒకటిన్నర వోల్టుల పీక్. కరెంటు కోసం పెట్టిన ట్రాన్సిస్టర్ వోల్టేజీ మింగేస్తే, ఆ ప్లానార్ హెడ్‌ఫోన్‌తో ఆంప్ మునుపటి కంటే ముందే క్లిప్ అవుతుంది, అంటే తరంగ శిఖరాలు తెగిపోతాయి. అందుకే సప్లై మార్చకుండా అవుట్‌పుట్ స్టేజ్ మార్చడం అర్థం లేని పని.

బ్యాటరీ ఆంప్‌లో నకిలీ గ్రౌండ్ గురించి ఒక అపోహ బలంగా ఉంది: ఆ కెపాసిటర్ల ఇంపెడెన్స్ (ఏసీ సంకేతానికి ఇచ్చే నిరోధం) హెడ్‌ఫోన్‌తో వరసలో కలిసి బాస్‌ను తగ్గిస్తుందని. ఆంప్ ఇన్‌పుట్, ఫీడ్‌బ్యాక్, హెడ్‌ఫోన్ మూడూ అదే బిందువును ఆధారంగా తీసుకుంటే అలా జరగదు. ఆ బిందువుతో పోల్చి అవుట్‌పుట్ వోల్టేజీ సరిగానే ఉంటుంది. కదిలేవి సప్లై పట్టాలు, అంటే ప్లస్, మైనస్ సప్లై తీగలు. 220 మైక్రోఫారడ్‌లవి రెండు కలిస్తే 440. 20 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపెడెన్స్ 18 ఓమ్‌లు. రెండు చానళ్లూ కలిసి 50 మిల్లీ ఆంప్‌లు లాగితే పట్టాలు 0.9 వోల్టులు అటూ ఇటూ ఊగుతాయి. అసలే ఇరుకుగా ఉన్న 4.5 వోల్టుల్లో ఒక పక్క అంత మేర కుంచించుకుపోతుంది. పాటలో మంద్ర దరువు వచ్చినప్పుడే గొంతు కూడా గరగరలాడటానికి కారణం ఇదే.

డీసీ విషయంలో పరిస్థితి ఇంకా నాజూకు. నిలకడ కరెంటును కెపాసిటర్లు మోయవు, ఆ భారం 4.7 కిలో ఓమ్‌ల జత మీదే పడుతుంది. రెండూ కలిసి 2.35 కిలో ఓమ్‌లు. 32 ఓమ్ హెడ్‌ఫోన్ మీద 10 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ (సంకేతం లేనప్పుడూ ఉండే డీసీ) ఉంటే 0.31 మిల్లీ ఆంప్‌లు పారతాయి, దాంతోనే గ్రౌండ్ 0.7 వోల్టులు పక్కకు జరుగుతుంది. రెండు చానళ్లలోనూ ఒకే దిక్కుకు ఆఫ్‌సెట్ ఉంటే దాదాపు ఒకటిన్నర వోల్టులు. పైన లెక్కించిన 220 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్‌ను ఈ గ్రౌండ్ భరించనే లేదు. అదే ఆంప్‌ను యూఎస్‌బీ చార్జర్‌కు తగిలించి, అదే చార్జర్ మీద డాక్‌ను కూడా నడిపితే మరో ప్రమాదం. డాక్ గ్రౌండ్ చార్జర్ నెగటివ్‌కు కలిసి ఉంటుంది, ఆంప్ గ్రౌండ్ మధ్యలో ఉంటుంది. ఆడియో తీగ ఆ రెండింటినీ షార్ట్ చేసేస్తుంది.

ఇంట్లో బల్ల మీద ఉండే ఆంప్‌కు సరైన పరిష్కారం ప్రతి కొట్లోనూ దొరికే 12-0-12 ట్రాన్స్‌ఫార్మరే. మధ్య తీగ నిజమైన గ్రౌండ్ ఇస్తుంది. దానికి చాలామంది 7812, 7912 రెగ్యులేటర్లు తగిలిస్తారు. ఇక్కడ కాస్త ఆగాలి. ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేసవి రాత్రి 230 వోల్టులు 10 శాతం తగ్గి 207కు దిగిందనుకుంటే సెకండరీలో 10.8 వోల్టులు, దాని శిఖరం 15.3. డయోడ్ 0.7 తీసుకుంటుంది. వెయ్యి మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ మీద 100 మిల్లీ ఆంప్‌ల లోడు పడితే రిపుల్ (సప్లై వోల్టేజీలో ఊగులాట) మరో వోల్టు. మిగిలింది 13.6. 7812 సక్రమంగా పనిచేయాలంటే 14 కావాలి. ఆ లోటు 100 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దంగా సప్లైలోకి జొరబడుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు 7809, 7909 పెడితే ఇటు 9, అటు 9 వోల్టులు నిలకడగా వస్తాయి. ఆ సప్లై మీద ఆరు వోల్టుల పీక్ హాయిగా వస్తుంది, 300 ఓమ్ హెడ్‌ఫోన్‌కూ సరిపోతుంది. పేపరు మీద 12 వోల్టులు ఘనంగా కనిపించినా, ఇళ్లలో నడిచే ఆంప్‌కు 9 వోల్టులే మేలు. ఒక జాగ్రత్త: 78 శ్రేణిలో లోహపు రెక్క గ్రౌండ్, 79 శ్రేణిలో అదే రెక్క ఇన్‌పుట్. రెండింటినీ ఒకే హీట్ సింక్‌కు మైకా లేకుండా బిగిస్తే నెగటివ్ సప్లై షార్ట్ అవుతుంది.

బయాస్, వేడి

ఎన్‌పీఎన్ ఒకటి, పీఎన్‌పీ ఒకటి. ఒకటి నెడుతుంది, ఒకటి లాగుతుంది. పెద్ద రంపానికి చెరోవైపు నిలబడి దుంగ కోసే ఇద్దరిలో ఒకరు వదిలేశాక రెండోవారు అందుకోవడం ఆలస్యమైతే రంపం ఆగిపోతుంది. బయాస్ (పాట లేనప్పుడూ రెండింటిలో పారే కొద్దిపాటి నిలకడ కరెంటు) లేని జతలో జరిగేది అదే. ఒక్కో ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టులు కావాలి. 32 ఓమ్ హెడ్‌ఫోన్‌లో ఒక మిల్లీవాట్ అంటే 0.25 వోల్టుల పీక్. అంటే గట్టిగా వినిపించే 100 డెసిబెల్ ధ్వని కూడా మొత్తం ఆ నిద్ర ప్రాంతంలోనే ఉంటుంది. స్పీకర్ ఆంప్‌లో ఈ దోషం సంకేతంలో ఒక చిన్న ముక్క. హెడ్‌ఫోన్ ఆంప్‌లో అదే సంకేతం మొత్తం. ఫీడ్‌బ్యాక్ దీన్ని కప్పిపుచ్చుతుంది నిజమే. కానీ తరంగం సున్నా దాటిన ప్రతిసారీ ఐసీ 1.2 వోల్టులు గభాలున దూకాలి, పై ఫ్రీక్వెన్సీల్లో ఆ దూకుడుకు బలం చాలదు.

ఈ దోషం గట్టి పాటలో దొరకదు. వీణ తీగ మీటాక స్వరం సన్నబడుతూ పోయే చోట, తంబురా శ్రుతి ఒక్కటే మిగిలే చోట బయటపడుతుంది. ధ్వని తగ్గేకొద్దీ వక్రీకరణ శాతం పెరగడం దీని లక్షణం, మామూలు క్లిపింగ్‌కు పూర్తిగా తిరగబడిన తీరు. బొబ్బిలి వీణకు పేరున్న ఉత్తరాంధ్రలో ఆంప్‌ను పరీక్షించడానికి వీణ వాదన కంటే తగిన ధ్వని వెతకనక్కర్లేదు. అయితే కొత్త రికార్డింగు వినాలి. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారి కాలం నాటి గ్రామఫోన్ రికార్డుల అందం వేరు. వాటిలో సహజంగా ఉండే సన్నటి గరగర ఆంప్ దోషాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

మందు బయాస్. రెండు 1ఎన్4148 డయోడ్లను వరసలో పెట్టి, మధ్య బిందువుకు ఐసీ అవుట్‌పుట్, చివరలకు ట్రాన్సిస్టర్ల బేస్‌లు, పట్టాల నుంచి చెరో రెసిస్టర్. ఎమిటర్లలో చెరో 4.7 ఓమ్‌లు. ఫీడ్‌బ్యాక్ తీగను ఐసీ కాలి నుంచి తీసి, ఎమిటర్ రెసిస్టర్లు కలిసే చోట పెట్టాలి. అప్పుడే ఈ దశ మొత్తం దిద్దుబాటు లోపలికి వస్తుంది. నిలకడ కరెంటు ఎంత ఉందో తెలుసుకోవడానికి ఎమిటర్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు కొలిస్తే చాలు: 47 ఉంటే 10 మిల్లీ ఆంప్‌లు.

ఎంత పెట్టాలి? ఎమిటర్ రెసిస్టర్ మీద సుమారు 26 మిల్లీవోల్టులు ఉంటే ఒక ట్రాన్సిస్టర్ నుంచి రెండోదానికి మార్పిడి అత్యంత సాఫీగా సాగుతుందని హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన బార్నీ ఆలివర్ 1971లో చూపించారు. పవర్ ఆంప్‌లకు అది బంగారు సూత్రం. హెడ్‌ఫోన్‌కు అక్కడ ఆగాల్సిన పని లేదు. నిలకడ కరెంటుకు రెట్టింపు వరకు రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేస్తూనే ఉంటాయి. అంటే 10 మిల్లీ ఆంప్‌లు పెడితే 20 మిల్లీ ఆంప్‌ల పీక్ వరకు అసలు మార్పిడే ఉండదు, స్వచ్ఛమైన క్లాస్ ఏ. మన 32 ఓమ్ హెడ్‌ఫోన్‌లో అది 108 డెసిబెల్స్. మనిషి వినే పాట దాదాపు మొత్తం అందులోనే ఇమిడిపోతుంది. స్పీకర్ ఆంప్‌లో ఇలాంటి సౌఖ్యానికి పొయ్యిలాంటి హీట్ సింక్ కావాలి. ఇక్కడ 9 వోల్టుల సప్లై మీద ఒక్కో ట్రాన్సిస్టర్‌కు 0.09 వాట్లే. బీడీ139 హీట్ సింక్ లేకుండా వాట్‌కు సుమారు 100 డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి, గది కంటే 9 డిగ్రీలు ఎక్కువ, అంతే. 50 మిల్లీ ఆంప్‌లు పెట్టి 'మరింత క్లాస్ ఏ' అని మురిసిపోతే 45 డిగ్రీల పెరుగుదల, పైగా వినబడే లాభం శూన్యం.

మరి వైజాగ్ ఎండల సంగతి? రోహిణి కార్తెలో గది వేడి 36 దగ్గర ఉంటే బయాస్ జారిపోతుందేమోనన్న భయం సహజం. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజీ ప్రతి డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది, డయోడ్లదీ దాదాపు అంతే. గది వేడెక్కితే రెండూ కలిసి తగ్గుతాయి, లెక్క సరిపోతుంది. కాబట్టి ప్రమాదం గది వేడితో రాదు. ట్రాన్సిస్టర్ తనకు తాను వేడెక్కి, డయోడ్ చల్లగా ఉండిపోయినప్పుడు వస్తుంది. ఆ తేడా 30 డిగ్రీలైతే 60 మిల్లీవోల్టులు. 4.7 ఓమ్‌లు ఉంటే నిలకడ కరెంటు దాదాపు రెట్టింపై ఆగుతుంది. ఎమిటర్ రెసిస్టర్ అసలు లేకపోతే పది రెట్లవుతుంది, ఆ వేడికి ఇంకా పెరుగుతుంది, చివరికి ట్రాన్సిస్టర్ పోతుంది. 'ఎమిటర్ రెసిస్టర్ లేకపోతే ధ్వని విశాలంగా ఉంటుంది' అనే సలహాను నమ్మవద్దు. డయోడ్‌ను ట్రాన్సిస్టర్ ఒంటికి థర్మల్ పేస్టుతో ఆనించి కట్టడం ఖర్చులేని బీమా. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దాన్ని డాక్ మీదో రౌటర్ మీదో ఉంచితే మాత్రం ఈ జాగ్రత్తలకు విలువ తగ్గుతుంది.

పాలిటెక్నిక్ ల్యాబుల్లో తరాలుగా కనిపిస్తున్న ఎస్‌ఎల్100, ఎస్‌కే100 జతతోనూ ఈ దశ నడుస్తుంది. బీడీ139, బీడీ140 మాత్రం హీట్ సింక్‌కు బిగించడానికి అనువుగా ఉంటాయి. వాటి వెనక లోహం కలెక్టర్‌కు కలిసి ఉంటుందని మరవకూడదు. కొట్లో ఇచ్చిన నాలుగింటినీ మల్టీమీటర్‌లో గెయిన్ (బేస్ కరెంటును ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు చేస్తుందో) చూసి దగ్గరి విలువలున్న జతలు కలపాలి. ఒకే ప్యాకెట్లో 60 గెయిన్‌ది, 200 గెయిన్‌ది పక్కపక్కనే ఉండటం మామూలే.

బేస్‌లకు కరెంటు ఇచ్చే రెసిస్టర్లను ఎవరూ పట్టించుకోరు, అసలు హద్దు మాత్రం అక్కడే ఉంది. పై ట్రాన్సిస్టర్‌కు బేస్ కరెంటు ఐసీ నుంచి రాదు, డయోడ్ దాన్ని అడ్డుకుంటుంది. పట్టా నుంచి వచ్చే రెసిస్టరే ఇవ్వాలి. 9 వోల్టుల సప్లై, 4.7 కిలో ఓమ్‌లు, అవుట్‌పుట్ 2.5 వోల్టుల పీక్‌లో ఉందనుకుంటే సుమారు 1.1 మిల్లీ ఆంప్‌లు దొరుకుతాయి. గెయిన్ 100 అయితే 110 మిల్లీ ఆంప్‌లు, ప్లానార్‌కు చాలు. అదే సర్క్యూట్‌ను 9 వోల్టుల బ్యాటరీకి మారిస్తే అదే క్షణంలో దొరికేది పావు మిల్లీ ఆంప్. గెయిన్ 100తో అది 25 మిల్లీ ఆంప్‌లు. ట్రాన్సిస్టర్ లేని ఐసీ కూడా అంత ఇస్తుంది! ఒక సప్లైకి గీసిన సర్క్యూట్‌ను మరో సప్లైకి ఎత్తి పెట్టేటప్పుడు ఈ రెండు రెసిస్టర్లను మళ్లీ లెక్కించాలి.

ఇదంతా తలనొప్పి అనుకునేవారికి వేరే దారులున్నాయి. బీయూఎఫ్634 అనే బఫర్ ఐసీ ఒక్కటే 250 మిల్లీ ఆంప్‌లు ఇస్తుంది, బయాస్ గొడవ లేదు, ధర మాత్రం ట్రాన్సిస్టర్ల కంటే చాలా ఎక్కువ. 2011లో వచ్చిన ఆబ్జెక్టివ్2 ఆంప్‌లో చివరి దశకు ఎన్‌జేఎం4556ఏ ఐసీలోని రెండు భాగాలనూ చెరో ఒక ఓమ్ రెసిస్టర్‌తో కలిపి ఒక చానల్‌కు వాడారు. ఒక్కో భాగం 70 మిల్లీ ఆంప్‌లు ఇస్తుంది కాబట్టి కలిసి 140. మామూలు ఐసీలతో సాధించిన చక్కటి పరిష్కారం అది.

అవుట్‌పుట్‌లో వరస రెసిస్టర్ ఎంత?

హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండదు. కాయిల్ రెజొనెన్స్ దగ్గర 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ 100 ఓమ్‌లకు ఎగబాకిందనుకుందాం. ఆంప్ అవుట్‌పుట్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే ఆ చోట ధ్వని 6.3 డెసిబెల్స్ ఉబ్బుతుంది. 10 ఓమ్‌లు ఉంటే 1.5, ఒక ఓమ్ ఉంటే 0.2 డెసిబెల్స్. అదే 300 ఓమ్ హెడ్‌ఫోన్ 500కు ఎగబాకినా 10 ఓమ్‌లకు వచ్చే తేడా 0.1 మాత్రమే. 'ఈ ఆంప్‌లో బాస్ నిండుగా ఉంది' అన్న మెచ్చుకోలు వెనక చాలాసార్లు ఉన్నది ఈ ఉబ్బే. ఇష్టపడేవారు ఇష్టపడవచ్చు, కానీ అది ఆంప్ బలం కాదు, బలహీనత. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్న వాడుక నియమం మంచిదే. 32 ఓమ్‌లకు అది 4.

సున్నా చేసేద్దామంటే జాక్ ఒప్పుకోదు. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌ను దూర్చేటప్పుడు దాని వలయాలు జాక్ స్ప్రింగుల మీద జారుతూ క్షణకాలం అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేస్తాయి. పైన చెప్పిన సర్క్యూట్‌లో బేస్ రెసిస్టర్లే ఒక సహజ హద్దు: గెయిన్ 100 అయితే షార్ట్ కరెంటు సుమారు 160 మిల్లీ ఆంప్‌లు, 250 అయితే 350 దాకా. క్షణకాలానికి పరవాలేదు, కొన్ని సెకన్లు సాగితే హీట్ సింక్ లేని ట్రాన్సిస్టర్ మిగలదు. ఫీడ్‌బ్యాక్ బయట ఒకటి నుంచి 2.2 ఓమ్‌లు పెట్టి, ప్లగ్ తీసే ముందు వాల్యూమ్ తగ్గించే అలవాటు చేసుకోవడం న్యాయమైన రాజీ.

ఆ చిన్న రెసిస్టర్ మరో మేలూ చేస్తుంది. హెడ్‌ఫోన్ కేబుల్‌కు కొన్ని వందల పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ లోపల ట్రాన్సిస్టర్లు చేరాక ఐసీకి సహనం తగ్గుతుంది, మెగాహెర్ట్జ్‌లలో ఊగడం మొదలుపెట్టవచ్చు. చెవికి అది వినబడదు. పాట లేకపోయినా ఐసీ బాగా వేడెక్కడం, కేబుల్ తాకితే ఆఫ్‌సెట్ మారడం దాని ఆనవాళ్లు. బేస్‌లలో 47 నుంచి 100 ఓమ్‌లు, ఐసీ అవుట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు 33 నుంచి 100 పికోఫారడ్‌లు, ఐసీ కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు దీనికి మందు. ల్యాప్‌టాప్ సౌండ్ కార్డుతో కొలిచే సాఫ్ట్‌వేర్‌కు ఈ ఊగులాట కనబడదు. ఆసిలోస్కోప్ కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాలలోనో కంచరపాలెం పాలిటెక్నిక్‌లోనో చదివే విద్యార్థి పరిచయం ఉంటే ఆ పది నిమిషాల పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ఉప్పుగాలి, జాక్, చివరి పరీక్ష

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో అవుట్‌పుట్ స్టేజ్‌కు అసలు శత్రువు వేడి కంటే ఉప్పుగాలి. పెదవాల్తేరులోనో ఎంవీపీ కాలనీలోనో కిటికీ పక్కన పెట్టిన ఆంప్ జాక్ స్ప్రింగుల మీద పొర కడుతుంది. మూడు తీగల హెడ్‌ఫోన్ ప్లగ్‌లో రెండు చానళ్ల కరెంటూ ఒకే గ్రౌండ్ స్ప్రింగ్ గుండా వెనక్కి రావాలి. అక్కడ 0.1 ఓమ్ ఉంటే 32 ఓమ్ హెడ్‌ఫోన్‌లో ఒక చానల్ ధ్వని రెండోదానిలోకి 50 డెసిబెల్స్ కింద తొంగిచూస్తుంది. పొర పెరిగి ఒక ఓమ్ అయితే 30 డెసిబెల్స్ కిందే. ఐసీల మధ్య తేడాల కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది, పైగా ఫీడ్‌బ్యాక్‌కు బయట ఉంది కాబట్టి దాన్ని ఏదీ దిద్దదు. చవక జాక్ మానేసి మంచి పూత ఉన్నది కొనడం, దాని గ్రౌండ్ తీగను ఇన్‌పుట్ గ్రౌండ్‌తో కలపకుండా నేరుగా సప్లై కెపాసిటర్ల మధ్య బిందువుకు తేవడం, ఇవి రెండూ ఐసీ మార్పు కంటే ముందు చేయాల్సినవి. సోల్డరింగ్ తర్వాత మిగిలే ఫ్లక్స్ కూడా వానాకాలపు తేమను పీల్చుకుని ఇన్‌పుట్ దగ్గర లీకేజీకి దారితీస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తుడిచి, ఆరాక పీసీబీ లక్క పూస్తే ఆ బెడద తగ్గుతుంది.

మార్పులన్నీ అయ్యాక వెంటనే మంచి హెడ్‌ఫోన్ తగిలించకూడదు. ఒక ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 9 వోల్టులూ కాయిల్ మీద పడతాయి. 32 ఓమ్‌లలో అది రెండున్నర వాట్లు, వాయిస్ కాయిల్ కాలిపోవడానికి చాలు. స్పీకర్ ఆంప్‌లలో వాడే యూపీసీ1237 ఐసీతో రిలే పెడితే ఇలాంటప్పుడు హెడ్‌ఫోన్‌ను విడదీస్తుంది, ఆన్ చేసినప్పుడు వచ్చే 'ఢబ్' శబ్దాన్నీ ఆపుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్ ఉన్నవారు దీన్ని అదనపు హంగుగా చూడకూడదు. రిలే మాత్రం సీల్ చేసినదై ఉండాలి, లేకపోతే జాక్‌కు పట్టిన పొరే దానికీ పడుతుంది.

ముందు రెండు చానళ్లకూ 33 ఓమ్ అర వాట్ రెసిస్టర్లు తగిలించి, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపి ఆన్ చేయాలి. అవుట్‌పుట్ డీసీ, ఎమిటర్ రెసిస్టర్ల మీద మిల్లీవోల్టులు రాసుకోవాలి. మూత బిగించి అరగంట ఉంచి మళ్లీ కొలవాలి. నిలకడ కరెంటు మొదటిదానికి ఒకటిన్నర రెట్లు దాటితే డయోడ్లు ట్రాన్సిస్టర్లకు సరిగా ఆనలేదని అర్థం. అంకెలు కుదుటపడ్డాక పాత ఇయర్‌ఫోన్‌లతో ఒక సాయంత్రమంతా వినాలి, మధ్యలో ప్లగ్ తీసి పెట్టి మరోసారి డీసీ చూడాలి. అసలు హెడ్‌ఫోన్ ఆ తర్వాతే.